విద్యుత్ అంతరాయాలు - ఇంటి దగ్గర విద్యుత్ కారు చార్జింగ్

కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు దగ్గరగా ఉన్న కౌతాళంలో ఒక ఇల్లు ఊహించుకోండి. వాకిట్లో ఒక చిన్న విద్యుత్ కారు ఉంది. ఏప్రిల్ నెల. రాత్రి తొమ్మిదికి ప్లగ్ పెట్టారు. పదిన్నరకు గాలిదుమారం లేచి కరెంటు పోయింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఇంట్లో పెద్దావిడకు గుండెల్లో నొప్పి మొదలైంది. ఆదోని ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడి డాక్టర్లు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటే మొత్తం ప్రయాణం సుమారు 125 కిలోమీటర్లు. 108 అంబులెన్స్ ఉంది, నిజమే. అది వచ్చేలోగా మన కారు బయలుదేరగలదా అన్నది ఇక్కడ ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి ఈ కోర్సులో మీరు ఇప్పటికే నేర్చుకున్న మూడు విషయాలు చాలు: సామర్థ్యం, శక్తి, కాలం.

కరెంటు ఎందుకు పోతుంది?

'కరెంటు కోత' అని ఒకే మాటతో చెప్పుకునేవి నిజానికి మూడు రకాలు. డిమాండుకు తగినంత విద్యుత్తు లేనప్పుడు కావాలని ఆపేది మొదటిది. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో గంటల తరబడి సరఫరా లేకపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఒకే పౌనఃపున్యంలో కలవలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ప్రారంభమయ్యాక ఆ కలయిక జరిగింది. ఆ రాయచూరు కౌతాళం వాళ్లకు పరాయి ఊరేమీ కాదు, తుంగభద్ర దాటితే వచ్చేదే. అయినా కొరత పూర్తిగా పోలేదు. 2022 ఏప్రిల్ 8 నుంచి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది. ఇళ్లకు కూడా ఆ రోజుల్లో వేళాపాళా లేని కోతలు తప్పలేదు.

రెండోది లైను మీద జరిగే లోపం. గాలికి తీగలు ఒరుసుకోవడం, చెట్టుకొమ్మ విరిగిపడటం, ఫ్యూజు కాలిపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉండగా మన ఊళ్లో చీకటేమిటని అడిగేవాళ్లున్నారు. విద్యుత్తు ఎంత తయారైనా మన ఊరి 11 కిలోవోల్టుల ఫీడరు తెగితే అది మన దాకా రాదు. మూడోది మరమ్మతుల కోసం ముందే చెప్పి ఆపేది. లైన్‌మన్లు దీన్ని 'ఎల్‌సీ తీసుకోవడం' అంటారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పాఠం చివర దీనితో మళ్లీ పని ఉంది.

చార్జింగ్ విషయంలో ఈ మూడింటికీ తేడా ఉంది. మూడో రకం వేళ ముందే తెలుస్తుంది. మొదటిది వేసవి సాయంత్రాల్లో ఎక్కువ, దాన్ని కొంతవరకు ఊహించవచ్చు. రెండోదానికి మాత్రం వేళ లేదు, కాబట్టి మన లెక్క దాన్ని దృష్టిలో పెట్టుకుని వేసుకోవాలి.

గంటల లెక్క

ఉదాహరణగా 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారును తీసుకుందాం. యూనిట్ అంటే కిలోవాట్-అవర్ అని మీకు తెలుసు. యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే నిండు బ్యాటరీతో 168 కిలోమీటర్లు వెళ్లవచ్చు. కంపెనీ ప్రకటనలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎండాకాలం ఏసీ వేసుకుని, గతుకుల రోడ్డు మీద నడిపేవాళ్లకు ఈ లెక్కే మేలు. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్ నుంచి కారు సుమారు 3 కిలోవాట్లు తీసుకుంటుంది. అందులో పదో వంతు వేడి రూపంలో పోతుందనుకుంటే గంటకు 2.7 యూనిట్లు బ్యాటరీకి చేరతాయి.

ఇప్పుడు మొదట చెప్పిన రాత్రికి వద్దాం. కర్నూలు దాకా 125 కిలోమీటర్లకు దాదాపు 18 యూనిట్లు కావాలి. రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా, అంటే గంటన్నరలో, బ్యాటరీలోకి చేరింది సుమారు 4 యూనిట్లే.

ఆ ఇంటివాళ్లు రోజూ ఆదోని వెళ్లి వస్తారనుకోండి. అందుకు 60 కిలోమీటర్లు, 8.6 యూనిట్లు ఖర్చవుతాయి. పొద్దున నిండు బ్యాటరీతో బయలుదేరితే రాత్రి ఇంటికి చేరేసరికి 15.4 యూనిట్లు మిగిలి ఉంటాయి. దానికి ఈ 4 కలిపితే 19.4 యూనిట్లు, అంటే 135 కిలోమీటర్లు. కర్నూలు చేరవచ్చు.

బ్యాటరీ ఐదో వంతుకు పడిపోయాకే ప్లగ్ పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో లెక్క వేరు. అక్కడ మిగిలి ఉన్నది 4.8 యూనిట్లు. 4 కలిపితే 8.8. ఆదోని దాకా వెళ్లి తిరిగి రావడానికే అది సరిపోతుంది. కారు ఒకటే, కోత ఒకటే, చార్జింగ్ జరిగిన సమయమూ ఒకటే. తేడా అంతా అంతకుముందు రోజుల అలవాటులో ఉంది. పెట్రోలు బంకుకు వెళ్లినట్టు వారానికి రెండుసార్లు చార్జింగ్ పెట్టడం కోతలున్న ఊళ్లో పనికిరాదు. ప్రతి రాత్రీ ప్లగ్ పెట్టేవాళ్లకు ఒకటి రెండు గంటల సరఫరా దొరికినా ఆ రాత్రికి చాలు.

దీన్నిబట్టి బ్యాటరీలో ఎంత నిల్వ ఉంచుకోవాలన్నది రోజువారీ ప్రయాణాన్ని బట్టి కాదు, తప్పనిసరి అయితే చేయాల్సిన ప్రయాణాన్ని బట్టి తేలుతుంది. కౌతాళానికి అది 18 యూనిట్లు, అంటే బ్యాటరీలో 75 శాతం. ఆదోనిలోనే ఉండేవాళ్లకు ఇంకొంచెం తక్కువ చాలు. బ్యాటరీని ఎప్పుడూ నూరు శాతం నింపవద్దని కొన్ని కంపెనీలు చెబుతాయి. ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీలను అప్పుడప్పుడూ పూర్తిగా నింపమనే చెబుతారు. మీ బండి పుస్తకంలో ఏముందో చూసుకోండి. నిండు బ్యాటరీతో కారును 44 డిగ్రీల ఎండలో రోజులకొద్దీ నిలిపి ఉంచడం మాత్రం ఏ రకానికీ మంచిది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇదే కారు రాత్రి 10 గంటలకు 40 శాతంతో ఇల్లు చేరింది. వెంటనే ప్లగ్ పెట్టారు. 12 నుంచి 4 దాకా కరెంటు లేదు. వోల్టేజి తక్కువగా ఉండి కారు 2 కిలోవాట్లే తీసుకుంది. ఉదయం 6 గంటలకు బ్యాటరీ ఎంత శాతం ఉంటుంది? ఆదోని మీదుగా కర్నూలు చేరగలదా?

(జవాబు: నాలుగు గంటలు సరఫరా ఉంది. 8 యూనిట్లలో బ్యాటరీకి చేరేది 7.2. మొత్తం 16.8 యూనిట్లు, అంటే 70 శాతం. 118 కిలోమీటర్లే వస్తుంది కాబట్టి చేరలేదు.)

వోల్టేజి, ఎర్త్

పై ప్రశ్నలో 2 కిలోవాట్లే ఎందుకు వచ్చాయి? ఒక ఫేజుకు 230 వోల్టులు, దానికి 6 శాతం అటూ ఇటూ ఉండాలని నిబంధన. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నని తీగ చివర ఉన్న ఇంటికి సాయంత్రం వేళ 180 కూడా అందకపోవచ్చు. కారు చార్జరు నిర్ణీత ఆంపియర్లకు మించి తీసుకోదు కాబట్టి వోల్టేజి తగ్గిన మేరకు సామర్థ్యమూ తగ్గుతుంది. మరీ పడిపోతే చార్జరు ఆగిపోతుంది. ఆంపియర్లు తగ్గించుకునే వీలు చాలా చార్జర్లలో ఉంది. తగ్గిస్తే తీగలో వోల్టేజి పతనం తగ్గి చార్జింగ్ ఆగకుండా సాగుతుంది. అర్ధరాత్రి దాటాక ఊరి లోడు తగ్గి వోల్టేజి దానంతట అదే పెరుగుతుంది.

ఎర్త్ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి నేల. వానాకాలంలో నీళ్లు పట్టి ఉంచే ఈ నేల ఎండాకాలంలో బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. మట్టి ఎండిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, ఎర్త్ రాడ్డు చుట్టూ మట్టి ఎడమవుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ దీన్ని పట్టించుకోకుండా నడుస్తాయి. కారు చార్జరు అలా కాదు. ఎర్త్ సరిగా ఉందో లేదో ముందు పరీక్షించుకుని, లేకపోతే ఎర్రదీపం చూపి చార్జింగ్ మొదలుపెట్టదు. 'మొన్నటిదాకా బాగానే ఎక్కింది, బండి పాడైంది' అని కారును మైళ్ల దూరంలోని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లేముందు ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. బొగ్గు, ఉప్పు వేసి గుంతను మళ్లీ నింపించడం శాశ్వతమైన పని. చార్జరు మాట వినడం లేదని ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేవాళ్లున్నారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు లోహపు ఒళ్లంతా 230 వోల్టులకు చేరుతుంది. ఆ పని ఎప్పుడూ చేయవద్దు, చేయనివ్వవద్దు.

ఇంకొక మాట. ఇంటి మీటరుకు మంజూరైన లోడు 1 కిలోవాట్ అయితే 3 కిలోవాట్ల కారుకు అది చాలదు. తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవాలి, మీటరు నుంచి సాకెట్ దాకా విడిగా తగినంత మందమున్న రాగి తీగ వేయించుకోవాలి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు

చార్జింగ్ మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ దెబ్బతింటుందేమోనని చాలామంది భయపడతారు. దెబ్బతినదు. సరఫరా ఆగగానే కారులోని స్విచ్చులు తెరుచుకుంటాయి, బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కి పోదు. జాగ్రత్త పడాల్సింది కరెంటు తిరిగి వచ్చే క్షణంలో.

నాలుగు గంటల కోత తరువాత ఊళ్లోని ఫ్రిజ్‌లు, కూలర్లు, నీటి మోటార్లు ఒక్కసారిగా మొదలవుతాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏదైతే ఒక్క కారే దానిలో ఎనిమిదో వంతు లోడు. రాత్రి పూట నాలుగు ఫ్యాన్లు, దీపాలు వాడే ఇల్లు అర కిలోవాట్ తీసుకుంటుందనుకుంటే ఒక కారు ఆరిళ్లతో సమానం. ఆ క్షణంలో ఫ్యూజు పోతే వీధంతా మళ్లీ చీకటే. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి చార్జర్లు కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాలకు మొదలవ్వాలో యాదృచ్ఛికంగా ఎంచుకుని ఆగాలని చట్టమే చేశారు. మనం చేతితోనైనా పావుగంట ఆలస్యం చేయవచ్చు, టైమర్ ఉంటే అర్ధరాత్రికి పెట్టుకోవచ్చు. లైను బాగుచేసినప్పుడు ఒక్కోసారి వోల్టేజి ఎక్కువతక్కువలుగా వస్తుంది, ఆ పావుగంటలో అదీ కుదుటపడుతుంది.

మీ చార్జరు కరెంటు వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలవుతుందా, మీరు లేచి మీట నొక్కాలా? ఇది కొన్నిట్లో ఒక రకం, కొన్నిట్లో ఇంకో రకం. ఒక పగటి పూట మెయిన్ ఆపి, ఐదు నిమిషాల తరువాత వేసి చూడండి. రాత్రంతా కరెంటు ఉండి కూడా కారు ఎక్కకపోవడానికి కారణం తరచూ ఇదే.

ఇంట్లో ఉన్న ఇతర ఆధారాలు

ఇంటి ఇన్వర్టరు దీనికి పనికిరాదు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేదంతా 1.8 యూనిట్లు, వాడుకోదగింది సుమారు 1.2. దాన్ని మొత్తం కారులోకి ఎక్కించినా ఎనిమిది కిలోమీటర్లు రాదు. అసలు 900 వీఏ ఇన్వర్టరు 3 కిలోవాట్ల లోడు మోయలేదు.

పెట్రోలు జనరేటరు మోయగలదు. చిన్న జనరేటరు లీటరుకు 2 నుంచి 2.5 యూనిట్లు ఇస్తుంది, అంటే 13 నుంచి 16 కిలోమీటర్లు. మామూలు చిన్న పెట్రోలు కారు లీటరుకు అంతకంటే ఎక్కువే పోతుంది. అత్యవసరానికి తప్ప ఇది లాభసాటి కాదు.

సోలార్ దగ్గర చాలామంది మోసపోయినట్టు బాధపడతారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఇది రోజుకు 12 యూనిట్ల దాకా ఇవ్వగలదు. అయితే మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగా కరెంటు పోతే ఈ ప్యానెళ్లు కూడా ఆగిపోతాయి. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టరును సరఫరా లేనప్పుడు ఆగిపోయేలా కావాలనే తయారుచేస్తారు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకుంటే గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసి వాడుకోవచ్చు, ఖర్చు ఎక్కువ.

ఇక కారే ఇంటికి ఆధారమైతే? 2011 మార్చి భూకంపం తరువాత జపాన్‌లో నిస్సాన్ సంస్థ లీఫ్ కారు నుంచి ఇంటికి విద్యుత్తు ఇచ్చే పరికరాన్ని 2012లో తెచ్చింది. మన దేశంలో 2023లో వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5 వంటి కార్లకు బయట ప్లగ్ పెట్టుకునే వీలుంది. ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్ కలిపి 400 వాట్లనుకుంటే ఆరు గంటలకు 2.4 యూనిట్లు, అంటే 17 కిలోమీటర్ల ప్రయాణం. వేసవి రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోవడానికి అది ఎక్కువేమీ కాదు.

ఎల్‌సీ తీసుకున్న లైను మీద మనిషి

జనరేటరు గానీ కారు గానీ వాడేటప్పుడు రెండు వైపులా పిన్నులున్న తీగతో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఇల్లంతా ఒక్కసారి వెలుగుతుంది కాబట్టి ఇది సులువుగా కనిపిస్తుంది. ఆ విద్యుత్తు ఇంట్లో ఆగదు. మీటరు దాటి వీధి తీగలోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళుతుంది. 11,000 వోల్టులను 433కు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఇటు నుంచి ఇస్తే అదే నిష్పత్తిలో, సుమారు పాతిక రెట్లు, పెంచుతుంది. ఫీడరు ఆపించి, ఎల్‌సీ తీసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి వేల వోల్టులు తగులుతాయి. పక్కిళ్ల లోడు పడి జనరేటరు ఆగిపోతుందిలే అని వాదించేవాళ్లున్నారు. ప్రతిసారీ అలా జరగదు. తీగ తెగినచోటు మన ఇంటి పక్కనే అయితే జనరేటరు మీద పడే లోడే ఉండదు. సోలార్ ఇన్వర్టరు ఆగిపోవడం ఈ మనిషి కోసమే.

అందుకే బయటి ఆధారం ఏదైనా ఇంటి వైరింగుకు కలపాలంటే మీటరుకు, ఇంటికి మధ్య చేంజోవర్ స్విచ్ ఉండాలి. దాని మీట ఒక వైపు గ్రిడ్‌ను, మరో వైపు జనరేటరును కలుపుతుంది. రెండింటినీ ఒకేసారి కలపడం ఆ యంత్రానికే సాధ్యం కాదు. ఫేజుతో పాటు న్యూట్రల్‌ను కూడా విడదీసే రకాన్ని అడిగి తీసుకోండి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో బిగించండి. ఆ స్విచ్ లేని ఇంట్లో జనరేటరు నుంచి విడి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి ఫ్యాను, ఫ్రిజ్ దానికే పెట్టుకోవాలి.

కృత్యం: మీ ఇంటి మీటరు బోర్డు దగ్గరకు వెళ్లి మంజూరైన లోడు, మెయిన్ స్విచ్ ఆంపియర్లు, ఎర్త్ గుంత ఎక్కడుందో రాసుకోండి. ఒక వారం పాటు కరెంటు పోయిన, వచ్చిన వేళలు నమోదు చేయండి. మీ ఊరి నుంచి దగ్గరి పెద్దాసుపత్రికి ఉన్న దూరాన్ని బట్టి 24 యూనిట్ల కారుకు రాత్రి పది గంటలకు కనీసం ఎంత శాతం నిల్వ ఉండాలో లెక్కగట్టండి.