ఒత్తులు నేర్పడానికీ ఓ అదను ఉంది

నూజివీడు: మామిడి కోతలు జోరందుకునే వేళకే బడులకు వేసవి సెలవులు. పెద్దలతో తోటల్లో గడిపే పిల్లలు నేర్చిన గుణింతాలు, ఒత్తులు మరచిపోయే రోజులివి. ఇంటిపట్టున దిద్దించేది ఈ అదనులోనే.

అయితే తొందర పనికిరాదు. గుణింతాలు కూడబలుక్కుని చదవగలిగాకే ఒత్తులు మొదలుపెట్టాలి. ముందే రుద్దితే పలకంటేనే బెదురు పుడుతుంది.

తెలుగులో చాలావరకు పలికినట్టే రాస్తాం. కనుక ముందు చెవికి పని చెప్పాలి. 'రసం' అని నిదానంగా పలికించి సున్న ఎక్కడుందో అడగాలి. తర్వాత 'చిన్న', 'పెద్ద': అక్షరానికి దాని ఒత్తే. ఆపైన 'బంగినపల్లి'. క కింద ట ఒత్తు వచ్చే 'కలెక్టర్' కాయ చివరికి.

'ధర'ను 'దర' అని పలికేవారు ఎందరో. ఇలాంటి మాటలకు చూచిరాతే మందు. రోజుకు ఐదు మాటలు చాలు. తప్పును పిల్లల చేతే దిద్దించాలి.

ఇది బడికి బదులు కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువును హక్కు చేసింది. మధ్యలో మానినవారినీ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి.

కాటా చీటీ తానే చదువుకోగల బిడ్డ ఇంట ఉంటే, లెక్కలో మోసం అంత తేలిక కాదు.