గోదావరిఖని నుండి ఫేవా తటాకమునకు

కాజీపేట–బల్హార్షా మార్గమున రామగుండము మీదుగా ఉత్తరమునకు సాగు గోరఖ్‌పూరు రైళ్ళలో, ఉన్నిటోపీలును, సకినాల డబ్బాలును, మోకాలినొప్పుల తైలమును వెంటగొని కూర్చున్న విశ్రాంత గనికార్మికుల కుటుంబములు కనబడినచో, వారి గమ్యము ముక్తినాథమని ఊహింపవచ్చును. శ్రీవైష్ణవులు 108 దివ్యదేశములలో సాలగ్రామమని పేర్కొను క్షేత్ర మిదియే. దానికి సోపానమువంటిది నేపాలుదేశపు పోఖరా నగరము. అచటికి బస్సులో కొండల నెక్కి దిగుచు పోవుటయే ఒక యాత్ర.

గోరఖ్‌పూరు బొగ్గుగనులకు పరాయి యూరు కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఝరియా, రాణీగంజ్ గనులకు వేలకొలది కూలీలను సమకూర్చి పంపినది ఈ ప్రాంతమే. ఇచటినుండి సుమారు 90 కిలోమీటర్లు పోయిన సునౌలీ సరిహద్దు. ఎత్తైన హద్దును, మంచుకొండలను ఊహించుకొని వచ్చినవారికి అచట నిరాశ తప్పదు. చదునైన నేల, లారీల బారులు, దుమ్ము, ఒక ద్వారము, అంతే. 1950 జూలై 31న కుదిరిన భారత–నేపాలు శాంతిమైత్రీ సంధి పుణ్యమున భారతీయులకు వీసాతో పని లేదు గాని, పాస్‌పోర్టైనను ఓటరు కార్డైనను చేత నుండవలయును. ఆధారు కార్డును మాత్రము నమ్ముకొని వచ్చిన నడివయస్కులు చిక్కులలో పడుదురు. మన బస్సైనచో ‘భన్సార్’ అను సుంకపు కచ్చేరిలో రోజుల లెక్కన రుసుము చెల్లించి చీటి పొందవలయును. గడియారమును 15 నిమిషములు ముందునకు త్రిప్పి, మన నూరు రూపాయలను వారి 160గా లెక్కించుకొన్నచో పరదేశప్రవేశము ముగిసినట్లే.

నిజమైన సరిహద్దు బుట్వల్‌లో నున్నదని నా యభిప్రాయము. భైరహవా దాటినపిదప కొంతదూరము వరిమళ్ళ నడుమ నిశ్చింతగా సాగిన బస్సు, అచట ఒక్కసారిగా శివాలిక కొండల యిరుకున దూరి, సిద్ధబాబా మందిరప్రాంతమున నిట్టనిలువు గుట్టలక్రింద ప్రాకనారంభించును. హిమాలయశ్రేణులలో మిక్కిలి పిన్నవైన ఈ కొండలు, ఎగువ పర్వతములనుండి నదులు మోసికొనివచ్చిన ఇసుకయు, బంకమన్నును, గులకరాళ్ళును పేరుకొని ఏర్పడినవగుటచే, వానకాలమున పెళ్ళలు పెళ్ళలుగా మార్గముపై విరిగిపడుచుండును. మా బస్సులో కిటికీప్రక్కన కూర్చున్న విశ్రాంత గనిసర్దారొకడు మెడ వంచి ఆ గుట్టను తదేకముగా చూచి, “పొరకు పొరకు పట్టు లేదన్నా. గిది బాయిల కప్పైతే, ఒక్కని గూడ కిందికి పోనియ్యకపోదును” అనెను. భూగర్భశాస్త్రజ్ఞులు పుటలకొలది వ్రాసినది అతని కనుచూపున తేలిపోయినది! ఈ బెడద తప్పించుటకే అచట కిలోమీటరునకు మించిన సొరంగమార్గమును చేపట్టినారని చెప్పగా, అతడు కప్పునకు ఏమి ఊత పెట్టుచున్నారని మాత్ర మడిగెను.

సునౌలీనుండి పోఖరావరకు సుమారు 180 కిలోమీటర్ల ఈ సిద్ధార్థ రాజమార్గము భారతదేశసాహాయ్యముతో నిర్మింపబడినది. పాల్పా మలుపులలో వాంతులు తప్పనివారికి ముందు సీట్లు విడిచిపెట్టుట మర్యాద. పాల్పా దాటి దిగినచో రాందీయొద్ద వంతెన, క్రింద కాళీగండకి. యాత్రికులందరు బస్సు నాపించి నదికి మ్రొక్కెదరు, ఏలయన సాలగ్రామశిలలకు నెలవైనది ఈ నదియే. ఆ నల్లనిరాళ్ళలోని చక్రములు, హిమాలయము పుట్టకమునుపు అచట నుండిన టెథిస్ సముద్రమున సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందట జీవించిన అమ్మోనైట్లను ప్రాణుల గుల్లల ముద్రలు. గోదావరిలోయ బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు మించిన ప్రాచీనము. దాని పొరల నడుమ గ్లోసోప్టెరిస్ ఆకుల అచ్చులను చూచినవారు మన గనులలో నెందరో కలరు. అనగా దేవతార్చనలోని సాలగ్రామముకంటె గోదావరిఖని బొగ్గుపెళ్ళ వయస్సున పెద్దది. ఈ మాట చెప్పినపుడు బస్సులో కొందరు నవ్విరి, ఒక పెద్దావిడకు మాత్రము కోపము వచ్చినది.

పోఖరా చేరునప్పటికి తరచుగా చీకటిపడును. తెల్లవారి చూడవలసినది ఫేవా తటాకమును, నడుమ ద్వీపమున తాల్ వారాహీ మందిరమును, ఉత్తరమున 6,993 మీటర్ల మచ్ఛాపుచ్ఛ్రే శిఖరమును. 1957లో ఒక బ్రిటిష్ బృందము ఆ శిఖరాగ్రమునకు కొలదిదూరమున ఆగి వెనుదిరిగినది. పిదప దాని నెక్కుటకు అనుమతి లేదు. రంగురంగుల చెక్కపడవలలో ద్వీపమునకు పోవువారు రక్షణకవచము తొడిగికొనక తప్పదు. పట్టుచీరపై దానిని బిగించుకొనుటకు మనవారు పడు పాట్లు పడవవారికి నిత్యవినోదము.

ఈ తటాకపు పుట్టుకయు ఆ కొండల చలవయే. అన్నపూర్ణశ్రేణినుండి సేతీనది మోసికొనివచ్చిన రాతిమట్టి ఒక వాగునకు అడ్డుపడగా నిలిచిన నీరిది. తరువాత మనుష్యులు ఆనకట్ట కట్టి నిలిపిరి. ఇప్పుడు పడమటి వాగులు అట్టి మట్టినే తెచ్చి పోయుచుండుటచే తటాకము ఏటేట కుంచించుకొనిపోవుచున్నది.

ఆషాఢ శ్రావణములలో నీరు ఎఱ్ఱబారును, శిఖరములు మబ్బులలో నుండును, త్రోవయు నమ్మరానిది. ఆ కాలమున బయలుదేరుట తెలివి గాదు. 2024 ఆగస్టు 23న పోఖరానుండి కాఠ్మాండూకు పోవుచున్న బస్సొకటి మర్స్యాంగ్దీ నదిలో పడి, మహారాష్ట్ర యాత్రికులు 20 మందికి పైగా మరణించిరి. కనుక దసరా గడచినపిదపనే టిక్కెట్లు తీయవలయును. రాత్రిప్రయాణము వలదని బస్సు మాట్లాడుకొనునప్పుడే చెప్పవలయును.