పాతరంపమునకు పండ్లు తోముట

పాత ఇనుము అంగడిలో, చిల్లుపడిన బాల్చీల క్రిందను, అరిగిన నాగటి కఱ్ఱుల క్రిందను పడియున్న అడ్డకోత రంపము నొకదానిని, దాని అలుగుమీద సగము చెరిగి కనిపించుచున్న షెఫీల్డు పట్టణపు ముద్రకు మనసుపడి కొని తెచ్చితిని. మా వీధి వడ్రంగి దానిని చేతికి తీసికొని, విల్లువలె వంచి విడిచి, అది మ్రోగుచు మరల తిన్నగా నిలిచిన పిదప, "ఉక్కు మంచిదే బాబుగారూ, పళ్ళే పోయినాయి" అని తీర్పు చెప్పెను. వంచిన అలుగు వంకర మిగులక యథాస్థితికి వచ్చుటయే రంపమునకు ప్రాణమున్నదనుటకు గుర్తు. తక్కినదంతయు చికిత్సకు లొంగునట్టిదే.

షెఫీల్డు సమీపమున 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు ఉక్కును మూసలో కరగించి పోతపోయుట సాధించినందున ఆ ఊరి పనిముట్లకు నిలుకడగల నాణ్యము చేకూరెను. మూసలో ఉక్కు చేయుట మన నేలకు క్రొత్త గాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో చేసెడి ఉక్కును ఖడ్గములకై కొనిపోవుటకు పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. ఆ కథ వేఱు. మనము రంపమునకు వత్తము.

త్రుప్పు సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. కిరసనాయిలు పూసి ఒక రాత్రి యుంచి, ఉప్పుకాగితముతో అలుగు పొడవునకు రుద్దిన చాలవఱకు పోవును. చింతపండు గుజ్జులోని టార్టారికామ్లము ఇత్తడి బిందె చిలుమును వదల్చునట్లే త్రుప్పును గూడ కరగించును గాని, ఎక్కువసేపుంచినచో క్రింది మంచి ఇనుమును సయితము తినివేయును. అలుగుమీద మచ్చ మిగిలిన నష్టము లేదు. పంటి అంచున గుంటపడినప్పుడు మాత్రము ఆ గుంట పోవువఱకు అరగదీయక తప్పదు.

కత్తికి ఒకే అంచు. దానిని తిరుగుడు సానమీద పెట్టిన చాలును. 26 అంగుళముల అలుగునకు అంగుళమునకు 7 పండ్ల చొప్పున లెక్కించిన 182 పండ్లు తేలును. ఇన్ని చిన్న కత్తులు ఒక వరుసలో నిలిచి పనిచేయుటయే రంపము. వీనిలో ఒక్కటి తక్కినవానికంటె వెండ్రుకవాసి యెత్తున నిలిచెనా, ఆచోట కొయ్యను కొఱుకు భారమంతయు దానిమీదనే పడును; ఇరుగుపొరుగు పండ్లు ఊరక వెంట నడచును. మొద్దువారినదని మనము మూలబెట్టు రంపమునకు పెక్కు తడవలు అసలు రోగము ఈ యెగుడుదిగుడే.

కావున పదును పెట్టుటకు ముందు ఉన్న పదునును చెఱుపవలెను. బల్లపరుపు ఆకురాయిని పండ్ల తలలమీద ఈ కొననుండి ఆ కొనకు, అన్నిటికంటె పొట్టి పంటిని తాకువఱకు నడపినచో, ప్రతి పంటి తలమీదను మెఱయు చదును ఒకటి ఏర్పడును. పిమ్మట 60 డిగ్రీల ముక్కోణపు ఆకురాయితో సందుసందును రాచుచు, ఆ మెఱపు మాయమగువఱకు మాత్రమే అరగదీయవలెను. మొనతేరిన అంచు వెలుతురును కంటివైపునకు త్రిప్పదు.

ఆకురాయి రంపమును కోయగలుగుటకు కారణము కాఠిన్యభేదము. రాక్‌వెల్ మానమున పాతరంపపు ఉక్కు 50 ప్రాంతమున నుండగా ఆకురాయి 60కి పైబడియుండును. ఇప్పటి కొన్ని రంపములకు పండ్ల కొనలను మాత్రము విద్యుత్తుచే క్షణకాలము వేడిచేసి మిక్కిలి గట్టిపఱచెదరు. నీలివన్నెదేఱిన ఆ పండ్లు చాలకాలము పనిచేయును గాని, మొద్దువారిన పిమ్మట వానిమీద ఆకురాయి పాఱదు, పాఱవేయవలసినదే. నాకీ పద్ధతి రుచింపదు.

కొయ్య యనునది సన్నని గొట్టములవంటి పోగుల కట్ట. పోగుల పొడవు వెంట సాగు నిలువుకోత రంపపు పన్ను ఉలివలె పనిచేయును. దాని ముందు ముఖము దాదాపు నిట్టనిలువు, అంచు అలుగునకు తిన్నగా అడ్డము. అది పోగుల కొనలను చెక్కి పేళ్లుగా ఎత్తివేయును. దానితోనే అడ్డముగా కోసినచో పోగులు తెగక చిరిగి, కోత అంచులు కుచ్చులు కుచ్చులుగా లేచును. అందువలన అడ్డకోత రంపమునకు పంటిని 15 డిగ్రీల మేర వెనుకకు వాల్చి, ఆకురాయిని 20 డిగ్రీలంత ఏటవాలుగా పట్టి రాచెదరు. అప్పుడొక పన్ను కుడివైపున, మరియొకటి యెడమవైపున కత్తిమొనయై, కోతకు ఇరుప్రక్కల పోగులను ముందుగా తెంపగా, నడుమ మిగిలినది పొడియై రాలును. రెండు కోతల పొట్టును అరచేతులలో పోసికొని చూచినవారికి ఈ భేదము చదువకయే తెలియును.

పండ్లను ఒకటి కుడికి, ఒకటి యెడమకు ఇంచుక వంచుట మరియొక పని. కోత అలుగుకంటె వెడల్పుగా నుండకున్న రాపిడిచే రంపము పట్టుకొనిపోవును. పచ్చికఱ్ఱకు ఈ వంపు హెచ్చుగాను, ఎండిన టేకునకు తక్కువగాను ఉండవలెను. టేకు తన ఒడలిలోనే ఇసుకజాతి సిలికాను దాచుకొనును గనుక పదునును త్వరగా హరించును. పంటి పై సగమునే వంచవలెను. మొదలంట వంచిన విరుగును.

నేను స్వయముగా పట్టిన మొదటి పదును హాస్యాస్పదమయ్యెను. ఒక వైపు రాచి, అలుగును త్రిప్పి రెండవ వైపు రాచునప్పటికి చేయి అలసినందున, ఒకటి విడిచి ఒకటి పెద్ద పన్ను, చిన్న పన్నుగా వరుస తయారయ్యెను. ఇట్టిదానిని ఇంగ్లీషు పనివారు 'ఆవులు, దూడలు' అందురు. వడ్రంగి నవ్వలేదు, మరల తలలు చదునుచేసి, పెద్దపన్ను వైపునకే ఆకురాయిని ఒత్తుచు సవరించెను. పిదప రంపమును పండ్లు పైకి పట్టుకొని, కుడి యెడమ వరుసల నడుమ ఏర్పడిన సన్నని కాలువలో ఒక సూదినుంచి, అలుగును కొంచెము వాల్చెను. సూది పిడిదగ్గఱ బయలుదేఱి, నడుమ ఒకచోట ఆగి, ప్రక్కకు పడెను. అతడాచోట సుద్దతో గుర్తుపెట్టి, రెండు పండ్లను సరిచేసి, మరల సూదిని విడిచెను. అది కొనదాక జాఱి నేలమీద పడెను.