ఫైబర్ నెట్, కేబుల్ నెట్: మీ బిల్లు డబ్బు ఎటు పోతోంది?

నెలకు 399 రూపాయల ప్లాన్ తీసుకుంటే 18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు 471 అవుతుంది. ఇందులో ఫైబర్ తీగకు పోయేది చాలా తక్కువ. అసలు ఖర్చు దాన్ని మీ గుమ్మం దాకా తేవడానికే. రోడ్డు తవ్వాలి, అనుమతులు తెచ్చుకోవాలి, స్తంభాలకు అద్దె కట్టాలి, తీగలు అతికే మనుషులను పెట్టుకోవాలి.

కేబుల్ టీవీ ఆపరేటర్లకు ఈ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. టీవీ కోసం వేసిన కేబుల్‌కే మోడెం తగిలించి నెట్ ఇచ్చారు. అయితే ఆ కేబుల్‌లో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ పడిపోతుంది. మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు పెట్టాలి, వాటికి కరెంటు ఇవ్వాలి, వానకు తడిసి పాడైతే మార్చాలి. మొదట మిగిలిన డబ్బు ఇలా రిపేర్లకు పోతుంది. ఫైబర్‌లో ఈ బాధ లేదు. వీధి చివర లైన్‌ను ఇళ్లకు పంచే స్ప్లిట్టర్‌కు కరెంటే అక్కర్లేదు.

మరి ఫైబర్ లైన్ పూర్తిగా మీ ఒక్కరిదేనా? కాదు. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 జీబీపీఎస్‌ను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 64 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడితే ఒక్కో ఇంటికి వచ్చేది 39 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి వాడరన్న ధీమాతోనే కంపెనీలు 100, 200 ఎంబీపీఎస్ ప్లాన్లు అమ్ముతాయి.

కొత్త లైన్ ముందు అపార్ట్‌మెంట్లకే ఎందుకు వస్తుంది? ఉదాహరణకు ఒక వీధికి లక్ష రూపాయలు ఖర్చయిందనుకోండి. 10 ఇళ్లు కనెక్షన్ తీసుకుంటే ఇంటికి 10 వేలు పడుతుంది, 40 ఇళ్లు తీసుకుంటే 2,500. కంపెనీ చూసేది ఈ లెక్కే.

తవ్వకం ఖర్చు తప్పించుకునే దారి కరెంటు స్తంభాలు. 2017లో ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే ప్లాన్ ఇవ్వగలిగిందంటే స్తంభాల మీదుగా లైన్లు వేయడం ఒక ముఖ్య కారణం. ఈ చవక దారికి ఇంకో వైపూ ఉంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, హైదరాబాద్‌లో విద్యుత్ సిబ్బంది స్తంభాలపై కేబుళ్లను తెంచేశారు. చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకు వెళ్లింది.

కనెక్షన్ తీసుకునే ముందు ఒక్కటి అడగండి: సన్నటి ఫైబర్ తీగ ఇంట్లోకే వస్తుందా, లేక కింద స్విచ్ పెట్టి అక్కడి నుంచి లాన్ కేబుల్ లాగుతారా? రెండో రకమైతే, ఆ స్విచ్‌కు బ్యాకప్ లేనప్పుడు కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ రాదు.