కొండెక్కిన పద్దు

నాగావళి ఎగువన కల్యాణసింగ్‌పూర్, అట్లాంటిక్ అవతల జార్జియా: భూమి పోయిన చోట మనిషి తాకట్టు పడ్డ కథ

అప్పు పెట్టి భూమి లాక్కునే ఉపాయాన్ని కాగితం మీద పెట్టినవాడు ఏ ఊరి వడ్డీ వ్యాపారో కాదు, మనుషులంతా సమానమని అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్. 1803 ఫిబ్రవరి 27న, అధ్యక్ష పదవిలో ఉండగా, ఇండియానా గవర్నరు విలియం హెన్రీ హారిసన్‌కు ఆయన ఒక ఆంతరంగిక లేఖ రాశాడు. స్థానిక తెగల మధ్య సర్కారు దుకాణాలు పెంచాలి, వాళ్ళలో పలుకుబడి ఉన్నవాళ్ళు బాకీ పడితే మనకు సంతోషమే, ఆ బాకీ తీర్చలేనంత పెరిగాక భూమి వదులుకుని చెల్లు వేయించుకోవడానికి వాళ్ళే ముందుకొస్తారు: లేఖ సారాంశం ఇది.

రెండు నెలలు దాటగానే లూసియానా భూభాగాన్ని అమెరికా కోటీ యాభై లక్షల డాలర్లకు ఫ్రాన్సు దగ్గర కొన్నది. దేశం విస్తీర్ణం ఒక్క సంతకంతో దాదాపు రెట్టింపయింది. ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్న తెగలను అడిగినవాడు లేడు. అదే 1803లో ఇక్కడ మద్రాసు ప్రభుత్వం జయపురం రాజు రామచంద్రదేవుకు ఏడాదికి 16,000 రూపాయల పేష్కస్ మీద శాశ్వత సనదు ఇచ్చింది. కొండలు, అడవులు, వాటిలో ఉన్న కోదులు, పరజలు, గదబలు, సవరలు అందరూ ఆ కాగితంలో కలిసిపోయారు. వాళ్ళనూ ఎవరూ అడగలేదు.

ఆ జయపురం సంస్థానంలోదే కల్యాణసింగ్‌పూర్. ఇవాళ ఒడిశాలో రాయగడ జిల్లా, ఒక బ్లాకు కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇది మన విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. ఊరి పక్కన పారే నాగావళి కిందికి దిగి శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తుంది. తలెత్తితే నియమగిరి. రైల్లో వచ్చేవాళ్ళు దిగే స్టేషను పేరు సింగపూర్ రోడ్. బంధువులు విమానాశ్రయం ఎక్కడని అడిగే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

అమెరికాలో వలస పడమరకు నడిచింది. మన దగ్గర అది కిందినుంచి పైకి ఎక్కింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం నుంచి ఘాట్ల మీదుగా ఎద్దుల మీద ఉప్పు వెళ్ళేది. కొండ మీద అన్నీ పండుతాయి, ఉప్పు పండదు. ఉప్పు వెంట బట్ట, పొగాకు, ఇనుము వెళ్ళాయి. కొండ నుంచి పసుపు, చింతపండు, ఆముదాలు, అడ్డాకులు కిందికి దిగాయి. 1863లో తెల్ల అధికారులు, పోలీసులు జయపురంలో కూర్చున్నాక వ్యాపారికి భయం పోయింది. 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురానికి రైలు వచ్చింది, 1931కి అది రాయగడ మీదుగా రాయపూర్ చేరింది. సైన్యం ముందు, షావుకారు వెనక, రైలు ఆ తర్వాత. అమెరికా మైదానాల్లోనూ వరుస దాదాపు ఇదే.

సైన్యం కొండెక్కడానికి దొరికిన సాకు నరబలి. భూదేవికి మెరియా బలి ఇచ్చే ఆచారం కోదుల్లో ఉన్న మాట నిజం. బలికోసం మనుషుల్ని కొనేవారు, అమ్మేవాళ్ళూ ఉండేవారు. 1837 నుంచి 1854 దాకా సాగిన దాడుల్లో దాదాపు 1,500 మందిని విడిపించామని దొరలు లెక్క రాసుకున్నారు. ఆ ప్రాణాలు నిలబడ్డాయంటే మంచిదే. కానీ విడిపించడానికి వెళ్ళిన దండు కొన్ని పల్లెలు తగలబెట్టింది. ఆ బాట వెంటే పన్ను వసూలు చేసేవాడు, సారా కాంట్రాక్టరు, అటవీ గార్డు ఎక్కారు. ఒక బానిసత్వాన్ని ఆపడానికి వేసిన దారిలోనే ఇంకో బానిసత్వం నడిచివచ్చింది.

దాని పేరు గోతీ. ఎలా మొదలయ్యేదో దగ్గరగా చూడాలి. కొడుక్కి పెళ్ళి చేయాలి, ఓలి ఇవ్వాలి. లేదా దుక్కిటెద్దు చచ్చిపోయింది. లేదా పోడు కొట్టాడని గార్డు జుల్మానా వేశాడు. చేతిలో రొక్కం ఉండదు. కొండమీద పంటకు పంట, పనికి పని మారకం నడిచినన్నాళ్ళు రొక్కంతో పని లేదు. సర్కారు శిస్తు, జుల్మానా రొక్కంలో అడిగిన రోజు నుంచి షావుకారు తప్పనిసరి అయ్యాడు. అప్పు రాసుకుంటాడు, వేలిముద్ర వేయిస్తాడు. తీర్చేదాకా ఆ మనిషి షావుకారు పొలంలో పనిచేయాలి. తిండి, ఏడాదికో గుడ్డ, కాస్త గింజలు. చేసిన పని వడ్డీకి జమ, అసలు అక్కడే. ఆషాఢంలో గింజలు అప్పు తీసుకుంటే కోతల్లో పుట్టికి పుట్టిన్నర కొలవాలి. పద్దు రాసేది ఒకడు, చదవలేనివాడు ఇంకొకడు. తండ్రి పోతే కొడుకు దిగేవాడు. ఈలోగా తాకట్టులో ఉన్న పల్లపు మడి షావుకారు పేరు మీదికి మారేది. ఇంతకు ముందు తనదైన మడిలోనే అతను గోతీగా నాగలి పట్టేవాడు.

ఇప్పసారా ఇంట్లో కాచుకుంటే ఆబ్కారీ నేరం, లైసెన్సు కొట్టులో తాగితే చట్టసమ్మతం. ఆ కొట్టులోనూ పద్దు ఉండేది. శిస్తు వసూలుకు ఊళ్ళను ముస్తాజర్లకు కట్టబెట్టినప్పుడు పాత ఊరి పెద్దల స్థానంలో చాలాచోట్ల బయటివాళ్ళు చేరారు. కోరాపుట్ కొండల్లో అధికారిగా తిరిగిన గోపీనాథ్ మహంతి 1945లో ‘పరజా’ అనే ఒడియా నవల రాశాడు. అటవీ జుల్మానా కట్టడానికి చేసిన అప్పుతో ఒక కుటుంబం మొత్తం గోతీలోకి జారిపోవడమే దాని కథ. చివరికి గొడ్డలి లేస్తుంది. ఏజెన్సీ చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ ముగింపు వింతగా అనిపించదు.

మనం ఇబ్బందిగానైనా ఒప్పుకోవలసింది ఒకటుంది. ఈ కథలో పద్దు రాసుకున్నవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఒడియా మాట్లాడే వ్యాపారులూ ఉన్నారు, మధ్యవర్తులుగా నలిగిన డొంబులూ ఉన్నారు, అందరినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. అయినా దొరలు దోచారు, రాజులు దోచారు అని చెప్పుకునేటప్పుడు మన తాతల కొట్టు గురించి మాట్లాడకపోవడం మనకు అలవాటైపోయింది.

ఇక అమెరికా సంగతి. 1793లో పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక జార్జియా, అలబామా, మిసిసిపీల నేలకు ధర వచ్చింది. ఆ నేల చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా జాతులది. 1830 మే 28న వాళ్ళను పడమరకు తరలించే చట్టం సంతకమైంది. చెరోకీలు కోర్టుకు వెళ్ళారు, 1832లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు కూడా చెప్పింది. తీర్పు పుస్తకంలో ఉండిపోయింది. 1838-39 చలిలో సుమారు 16,000 మందిని నడిపించారు, దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. ఖాళీ అయిన నేలను పత్తి ఆక్రమించింది, పత్తి వెంట బానిసలు వచ్చారు. 1790లో ఏడు లక్షల లోపున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటారు. పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి నేలలకు దాదాపు పది లక్షల మందిని తోలారు. ఇంకో చేదు నిజం: వెళ్ళగొట్టబడ్డ చెరోకీలలో సంపన్నుల దగ్గరా నల్ల బానిసలున్నారు. 1835 లెక్కల్లో ఆ సంఖ్య దాదాపు 1,600. వాళ్ళూ ఆ కన్నీటి దారిలో నడిచారు.

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్ అనే ఊరుంది. ఇవాళ అక్కడ తెలుగు కుటుంబాలకు కొదవలేదు. అది ఉన్న ఫోర్సైత్ కౌంటీ 1832లో చెరోకీ భూమిలోంచి కోసి పెట్టినది, ఆ భూమిని తెల్లవాళ్ళకు లాటరీ వేసి పంచారు. 1912లో అదే కౌంటీ నుంచి వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళను తరిమేశారు. అక్కడ ఇల్లు కొన్న మన పిల్లలకు ఈ సంగతి చెబితే తప్పు చేశామని వాళ్ళు కుంగిపోనక్కర్లేదు. తెలిసి ఉంటే చాలు.

పోలిక ఇక్కడ ఆగాలి. అమెరికా ఒక జాతి దగ్గర భూమి తీసుకుంది, ఇంకో జాతి దగ్గర ఒళ్ళు తీసుకుంది. మన ఏజెన్సీలో రెండూ ఒకే మనిషి దగ్గర తీసుకున్నారు. కోదును తరిమేయలేదు, అతను లేకపోతే ఆ మడి దున్నేవాడు లేడు. గోతీని వేలంలో అమ్మలేదు, అప్పు తీరితే విడుదల అన్న మాట కాగితం మీదైనా ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

చట్టాల్లోనూ దారులు వేరయ్యాయి. చెరోకీల నడక ముగిసిన 1839లోనే కంపెనీ ప్రభుత్వం ఏజెన్సీని మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరుకు ఏజెంటు అధికారం ఇచ్చింది. 1879 రంప తిరుగుబాటు, ఏజెన్సీ అంతటా రగిలిన అసంతృప్తి చూశాక 1917లో ఒక చట్టం వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి ఏజెంటు అనుమతి లేకుండా మారకూడదు, వడ్డీ నూటికి 24 దాటకూడదు, వడ్డీ అసలును మించకూడదు. అమెరికా సరిగ్గా ఎదురు దారి పట్టింది. 1887 డాస్ చట్టంతో తెగల ఉమ్మడి భూమిని తలా ఒక ముక్కగా పంచి, మిగిలింది అమ్మింది. 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. కాబట్టి 1917 చట్టం చిల్లులున్నదే అయినా ఉండటం మేలు చేసిందని నా నమ్మకం.

చిల్లులు మాత్రం పెద్దవే. బినామీ పేర్లు, గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేర భూమి రాయించడం, నౌకరు పేర పట్టా. గోతీని 1940లో మద్రాసు ఏజెన్సీలో, 1948లో ఒరిస్సాలో నిషేధించారు. 1976 వెట్టి నిర్మూలన చట్టం రద్దు చేసిన పద్ధతుల జాబితాలో మన పాలేరు, జీతం, భగేలా, వెట్టి అన్నీ ఉన్నాయి. భూమి బదిలీల మీద ఒరిస్సాలో 1956 రెగ్యులేషన్, ఆంధ్రలో 1959 రెగ్యులేషన్ వచ్చాయి. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడిలో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయి శ్రీకాకుళం గిరిజన పోరాటం రగిలాక గానీ 1970లో ఆ రెగ్యులేషన్‌ను బిగించిన 1/70 చట్టం రాలేదు. ఈ గడ్డ మీద భూమి చట్టానికి ముందు ఎప్పుడూ నెత్తురు కనిపిస్తుంది.

నియమగిరిలో అందుకు భిన్నంగా జరిగింది. కొండ నెత్తిన ఏడు కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉంది, కింద లాంజిగఢ్‌లో వేదాంత శుద్ధి కర్మాగారం సిద్ధంగా ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు ఊళ్ళు. సభలు జూలై 18న సెర్కపాడితో మొదలై ఆగస్టు 19న జరపతో ముగిశాయి. వర్షాకాలం, బురద, చుట్టూ పోలీసులు, పరిశీలకుడిగా జిల్లా జడ్జి. డోంగ్రియా కోదులు కువి భాషలో ఒక్కొక్కరుగా లేచి కొండ తమ దేవుడు నియమరాజుదని, తవ్వనివ్వమని చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 1803లో ఎవరూ వేయని ప్రశ్న వాళ్ళను 210 ఏళ్ళ తర్వాత ఒకరు అడిగారు.

అయితే మనిషిని కట్టేసే అడ్వాన్సు చచ్చిపోలేదు. ఇప్పుడది దాదన్ పేరుతో తిరుగుతోంది. పశ్చిమ, దక్షిణ ఒడిశా పల్లెల్లో పండగ ముందు సర్దారు రొక్కం పంచుతాడు, ఆ తర్వాత కుటుంబాలు తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు రైలెక్కుతాయి. 2013 డిసెంబరులో, నియమగిరి తీర్పు చెప్పిన ఏడాదే, హైదరాబాద్ వైపు పనికని అడ్వాన్సు తీసుకున్న కలహండి కూలీలిద్దరి కుడి చేతులు నరికేశారు. దళారి చెప్పిన వేరే చోటికి వెళ్ళనన్నందుకు. మన అపార్ట్‌మెంట్ల గోడల్లో ఆ ఇటుకలున్నాయి.

2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజన భూమిని గిరిజనేతరులకు అమ్ముకునే వీలు కల్పిస్తూ నిర్ణయం తీసుకుంది. గొడవ కావడంతో రోజుల్లోనే పక్కన పెట్టింది. గిరిజనుడికి బ్యాంకు అప్పు దొరకాలి కదా అని సమర్థించేవాళ్ళున్నారు. డాస్ చట్టం కూడా స్థానికుల మేలు కోసమే అన్నారు. ఒడిశా ప్రతిపాదన మళ్ళీ వస్తే ఎదిరించాలి.

చివరిగా ఒక మనవి. పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, రాయగడ, గుణుపురంలో పాత వ్యాపార కుటుంబాల అటకల మీద చిట్టాలు, ఆవర్జాలు, ప్రోనోట్లు ఇంకా ఉండే ఉంటాయి. చెదలు పట్టాయని పాత కాగితాలవాడికి వేయకండి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో ఇవ్వండి. వేలిముద్ర వేసినవాళ్ళ పేర్లు ఇంకెక్కడా లేవు.