ఆపరేషన్‌లో బి.పి. తగ్గించుట ఎందుకు?



బి.పి. పడిపోయిందన్న మాట వింటేనే గుండె జారిపోతుంది. అయితే కొన్ని ఆపరేషన్లలో మత్తు డాక్టరుగారే మందులిచ్చి, కావాలనే బి.పి. తగ్గిస్తారు. థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్న బంధువులకు ఈ సంగతి సగం సగం తెలిసి కంగారు పడుతుంటారు. అందుకే ఈసారి దీనిని గురించి వ్రాస్తున్నాము.

ముక్కులో చేసే సైనస్ ఆపరేషన్‌నే తీసుకుందాము. పనిచేసే చోటు బహు ఇరుకు. ప్రక్కన కన్ను, పైన మెదడు. ఎండోస్కోప్ అద్దం మీద నాలుగు చుక్కల రక్తం పడితే చాలు, సర్జన్‌గారికి తెరంతా ఎరుపే. రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గితే కోసినచోట ఊరే రక్తమూ తగ్గుతుంది. మధ్యచెవి, దవడ, వెన్నెముక ఆపరేషన్లలోనూ ఇలా చేస్తారు. ఆలోచన పాతదే. అమెరికా మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ 1917లోనే దీనిని సూచించారు.

మేము క్రొత్తగా థియేటర్‌లో చేరిన రోజుల్లో నైట్రోప్రస్సైడ్ సీసాకు వెలుతురు తగలకుండా నల్లకాగితం చుట్టడం మా పని. ఇప్పుడు నైట్రోగ్లిజరిన్, ఎస్మొలాల్, డెక్స్‌మెడిటోమిడిన్ వంటివి సిరంజి పంపు ద్వారా కొద్దికొద్దిగా ఇస్తారు. టేబుల్‌ను తలవైపు కాస్త ఎత్తుతారు.

ఎంతవరకు తగ్గించాలన్నదే అసలు ప్రశ్న. బి.పి. 120/80 ఉన్నవారికి సగటు ఒత్తిడి సుమారు 93. ఆరోగ్యంగా ఉన్నవారిలో దానిని 60, 65 దగ్గర ఆపుతారు. ఇక్కడొక మెలిక ఉంది. చేతికి కట్టిన పట్టీ కంటే తల 20 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే, మెదడు దగ్గర ఒత్తిడి ఇంకో 15 తక్కువ. మానిటర్ 65 అంటున్నా మెదడుకు అందేది 50 మాత్రమే. క్రొత్త సిస్టర్లకు మేము మొదట నేర్పేది ఇదే.

ఏళ్ల తరబడి బి.పి. ఉన్నవారి సంగతి వేరు. వారి మెదడు రక్తనాళాలు ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడి ఉంటాయి. ఇతరులకు సరిపోయేది వారికి చాలదు. పక్షవాతం రావచ్చు, గుండె, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ఒకసారి ముక్కులో కండ పెరిగిన ఒకాయన ఆపరేషన్ కోసం చేరారు. బి.పి. ఉందా అంటే లేదన్నారు. ముందురోజు రాత్రి మా సిస్టర్ మంచం ప్రక్కన సంచి సర్దుతుంటే తువాలు మడతలో మాత్రల అట్ట కనబడింది. ఆయన భార్య మా చేయి పట్టుకొని, "బి.పి. ఉందంటే వాయిదా వేస్తారని చెప్పలేదు సిస్టరమ్మా, ఆరేళ్లుగా వాడుతున్నారు" అన్నది. ఆయనను తప్పుపట్టలేము. చేర్చుకునేటప్పుడు మేమూ హడావుడిగానే అడిగాము, సంచి చూపించమనలేదు. ఆ రాత్రే మత్తు డాక్టరుగారికి చెప్పాము. బి.పి.ని అంతగా దించే ఆలోచన మానుకొని, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇచ్చి, నిదానంగా చేశారు. ఆపరేషన్‌కు ఎక్కువసేపు పట్టింది. అంతే. మూడోనాడు ఇంటికి వెళ్లారు.

కనుక ఆపరేషన్‌కు వచ్చేటప్పుడు వాడే మాత్రలన్నీ అట్టలతో సహా తెచ్చి చూపండి. బి.పి. మాత్రలు సొంతంగా మానవద్దు. కొన్నిటిని ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, కొన్నిటిని ముందురోజు ఆపాలి. ఏది ఎలాగో డాక్టరుగారే చెప్పాలి. పక్షవాతం, గుండెనొప్పి ఎప్పుడైనా వచ్చి ఉంటే దాచవద్దు.

ఆపరేషన్ ముగిసే ముందు బి.పి.ని మెల్లగా మామూలుకు రానిచ్చి, అప్పుడు ఎక్కడైనా రక్తం కారుతుందేమో సర్జన్‌గారు చూస్తారు. వార్డుకు తెచ్చాక కూడా మళ్లీ కారవచ్చు. ముక్కు ఆపరేషన్ అయిన మనిషి మత్తులోనే మాటిమాటికి గుటకలు వేస్తుంటే, దాహమనుకొని నీళ్లు పట్టవద్దు. రక్తం గొంతులోకి దిగుతూ ఉండవచ్చు. వెంటనే సిస్టర్‌ను పిలవండి.