తక్షణ రుణ యాప్‌లు: నిషేధమా? నియంత్రణా? – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నెల జీతం చేతికందే లోపు ఎదురయ్యే అవసరాలకు తీసుకొనే చిన్న అప్పును కొన్ని పాశ్చాత్య దేశాలలో 'పే డే లోన్' అంటారు. ఆ పేరు మనకు కొత్తదే గాని, ఆ అవసరం కొత్తది కాదు. చేబదులు, రోజువడ్డీ, వారం వడ్డీ, తాకట్టు అన్న మాటలన్నీ ఇటువంటి అవసరాల చుట్టూ పుట్టినవే. ఇటీవలి కాలంలో ఈ అప్పు సెల్‌ఫోన్‌లోకి చేరింది. ఆధార్, పాన్ వివరాలు, ఒక సెల్ఫీ ఉంటే నిమిషాలలో డబ్బు ఖాతాలో పడుతుంది.

ఆ సౌకర్యం వెనుక ఉన్న ప్రమాదం 2020 చివరినాటికి బహిరంగమైంది. రుణ యాప్‌ల వసూలుదారుల వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ఆత్మహత్య చేసుకోగా, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. అనుమతి లేని డిజిటల్ రుణ వేదికల విషయంలో జాగ్రత్తగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2020 డిసెంబరు 23న ప్రజలను హెచ్చరించింది. ఇటువంటి అప్పులను పూర్తిగా నిషేధించాలా, కఠినంగా నియంత్రించాలా అన్న చర్చ అప్పటినుంచి సాగుతూనే ఉంది.

అనుమతి లేకుండా అప్పివ్వడాన్ని, అప్పుదారుని పరువును హామీగా వాడుకోవడాన్ని నిషేధించాలని, అనుమతి పొందిన అప్పు ధరకు గరిష్ఠ పరిమితి విధించాలని, ఆ ధరను అప్పుదారునికి అర్థమయ్యే లెక్కలో చెప్పాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. వడ్డీని చెప్పే భాష

తెలుగువారు వడ్డీని సాధారణంగా నెలకు, నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొంటారు. 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం, 'మూడు రూపాయల వడ్డీ' అంటే 36 శాతం. ఏది ధర్మవడ్డీ, ఏది అధికవడ్డీ అన్న సామాజిక తీర్పు ఈ కొలమానం మీదనే ఆధారపడి ఉంది. బ్యాంకులు ఏడాది లెక్కలో మాట్లాడతాయి. అనేక రుణ యాప్‌లు ఈ రెండింటిలో దేనిలోనూ మాట్లాడవు. వడ్డీని నామమాత్రంగా చూపి, అసలు ధరను 'ప్రాసెసింగ్ ఫీజు', 'సర్వీసు ఛార్జి' అన్న పేర్లలో దాచిపెడతాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. యాప్ 5,000 రూపాయల అప్పు మంజూరు చేసి, రుసుముల కింద 1,500 ముందే మినహాయించుకొని, 3,500 రూపాయలు ఖాతాలో వేసింది. 7 రోజులలో 5,000 తిరిగి కట్టాలి. చేతికి వచ్చిన 3,500 మీద వారానికి 1,500 రూపాయల భారం పడింది. అంటే వారానికి సుమారు 43 శాతం. దీనిని మన వాడుక లెక్కలోకి మారిస్తే నెలకు నూటికి దాదాపు 184 రూపాయల వడ్డీ అవుతుంది. బారువడ్డీ లెక్కన చూసినా ఏడాదికి 2,200 శాతం దాటుతుంది. నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటేనే వెనుకాడే వ్యక్తి ఈ అప్పుకు అంగీకరించడానికి కారణం అత్యాశ కాదు. తాను పోల్చి చూసుకోగల రూపంలో ధర అతని ముందుకు రాకపోవడమే.

వడ్డీని ముందే పట్టుకోవడం మన రోజువారీ ఫైనాన్సు వ్యాపారంలోనూ ఉన్నదే. అయితే అక్కడ ఎంత పట్టుకొన్నారో కళ్ళెదుటే తెలుస్తుంది. యాప్‌లో అది తెరపై ఏదో ఒక మూల కనిపించే సాంకేతిక పదంగా మారిపోతుంది. ఏడు రోజులకు డబ్బు సర్దుబాటు కానివారు మొదటి యాప్ అప్పు తీర్చడానికి రెండో యాప్‌ను ఆశ్రయిస్తారు. అక్కడ మళ్ళీ రుసుము తెగుతుంది. అసలు తగ్గదు, అప్పులవాళ్ళ సంఖ్య పెరుగుతుంది.

3. పరువే తాకట్టు

బ్యాంకు జీతం పత్రం అడుగుతుంది. బంగారు రుణ సంస్థ నగ అడుగుతుంది. అక్రమ రుణ యాప్ ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఫోటోలను చూసే అనుమతి అడుగుతుంది. దీని వెనుక ఒక ఆర్థిక తర్కం ఉంది. ఐదు వేల రూపాయల కోసం కోర్టుకు వెళితే ఖర్చే ఎక్కువవుతుంది. కనుక చట్టబద్ధమైన హామీకి బదులు అప్పుదారుని సిగ్గును హామీగా తీసుకొంటారు. గడువు దాటగానే బంధువులకు, సహోద్యోగులకు ఫోన్లు వెళతాయి. మార్ఫింగ్ చేసిన ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి.

'అప్పు చేసి పప్పు కూడు' వంటి సామెతలు అప్పుచేసినవాని వివేకాన్నే ప్రశ్నిస్తాయి. వేధింపుకు గురైనవారు ఇంట్లోవారికి గాని, పోలీసులకు గాని చెప్పుకోలేకపోవడానికి ఈ సామాజిక దృష్టి కూడా కారణం. వసూలుదారు బలం ఆ మౌనంలోనే ఉంది.

4. నిషేధవాదం – 2010 అనుభవం

నిషేధాన్ని కోరేవారి వాదన బలమైనదే. తీవ్రమైన అవసరంలో ఉన్నవారి అంగీకారం నిజమైన అంగీకారం కాదని, దోపిడీకి షరతులు పెట్టడం కన్నా దానిని ఆపడమే న్యాయమని వారంటారు. అయితే ఈ వాదాన్ని తెలుగునేల స్వీయానుభవంతోనే పరీక్షించవచ్చు.

సూక్ష్మరుణ సంస్థల వసూలు పద్ధతులపై ఆందోళన పెరగడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, 2011లో దానిని చట్టం చేసింది. సంస్థల నమోదును తప్పనిసరి చేసి, బలవంతపు వసూళ్ళను నేరంగా పరిగణించింది. పేరుకు ఇది నియంత్రణ చట్టమే. ఫలితంలో మాత్రం నిషేధానికి దగ్గరగా వచ్చింది. రుణ వసూళ్ళు కుప్పకూలాయి, బ్యాంకులు ఈ సంస్థలకు నిధులు ఆపాయి, కొత్త అప్పులు దాదాపు నిలిచిపోయాయి. వేధింపుల నుండి లభించిన ఊరట నిజమైనది. దానిని తక్కువ చేయరాదు. కాని ఆసుపత్రి ఖర్చు, బడి ఫీజు, విత్తనాల కొనుగోలు ఆగలేదు.

2015 డిసెంబరులో విజయవాడ 'కాల్ మనీ' ఉదంతం వెలుగుచూసింది. ఈ రెండింటి మధ్య కార్యకారణ సంబంధాన్ని చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. బోర్డు పెట్టుకొని వ్యాపారం చేసేవారిని చట్టం కట్టడి చేయగలిగినంత సులభంగా, బోర్డు లేనివారిని చేయలేదని మాత్రం ఇవి తెలుపుతాయి. యాప్‌ల విషయంలో ఇది మరింత నిజం. 2021 నవంబరులో వెలువడిన రిజర్వు బ్యాంకు కార్యబృందం నివేదిక సుమారు 1,100 రుణ యాప్‌లను గుర్తించి, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని పేర్కొంది. ఇటువంటి యాప్‌ను తొలగిస్తే మరో పేరుతో మళ్ళీ వస్తుంది. అనుమతి లేని రుణ వ్యాపారాన్ని నిషేధించి జైలుశిక్షలు విధించే ముసాయిదా బిల్లును కేంద్రం 2024 డిసెంబరులో చర్చకు పెట్టింది. అది అవసరమే, దానితోనే సమస్య తీరదు.

5. ద్విగుణ నియమం

వడ్డీ అసలును మించరాదన్నది హిందూ ధర్మశాస్త్రంలో ప్రసిద్ధమైన నియమం. న్యాయపరిభాషలో దీనిని 'దామ్‌దుపట్' అంటారు. ధర్మశాస్త్రకారులు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానమే. మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన రచించిన విజ్ఞానేశ్వరీయము ఈ న్యాయసంప్రదాయాన్ని తెలుగులోకి తెచ్చింది. పైన చెప్పిన 2011 చట్టం కూడా అసలుకు మించి వడ్డీ వసూలు చేయరాదని శాసించింది.

ఆశ్చర్యకరంగా బ్రిటన్ కూడా ఇదే నియమానికి చేరుకొంది. అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2015 జనవరి నుండి పే డే అప్పులపై మూడు పరిమితులు విధించింది. వడ్డీ, రుసుములు కలిపి రోజుకు 0.8 శాతం మించరాదు. గడువు తప్పితే వేసే రుసుము 15 పౌండ్లు దాటరాదు. మొత్తం భారం అసలును మించరాదు. అప్పు కనుమరుగు కాలేదు గాని, ఆ వ్యాపారం బాగా కుదించుకుపోయింది. వోంగా అనే పెద్ద సంస్థ 2018లో దివాలా తీసింది.

మన ఉదాహరణకు ఈ పరిమితిని వర్తింపజేస్తే 3,500 రూపాయలపై 7 రోజులకు గరిష్ఠ భారం 196 రూపాయలు. యాప్ తీసుకొన్నది 1,500. రోజుకు 0.8 శాతం అంటే మన లెక్కలో నెలకు నూటికి 24 రూపాయలు. ఇది కూడా ఎక్కువే, యథాతథంగా అనుసరించదగినది కాదు. కాని రోజువారీ పరిమితి, ద్విగుణ నియమం జంటగా పనిచేసే విధానం అనుసరణీయం. రోజువారీ పరిమితి అప్పు ధరను అదుపుచేస్తుంది. ద్విగుణ నియమం అప్పు ఊబిగా మారకుండా ఆపుతుంది.

6. ప్రస్తుత నిబంధనలు – లోటుపాట్లు

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ప్రవేశపెట్టి, ఆ తర్వాతా కొనసాగిస్తున్న నియమాల ప్రకారం అప్పు మొత్తం నేరుగా అప్పుదారుని ఖాతాకే చేరాలి. ఫోన్‌లోని పేర్ల జాబితాను, కాల్ వివరాలను, ఫోటోలను యాప్ చూడరాదు. అన్ని రుసుములూ కలిపి వార్షిక రేటు ముందే చెప్పాలి. నిర్ణీత వ్యవధిలో అప్పును వదులుకొనే అవకాశం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నాటి ఉత్తర్వు ముఖ్యాంశాల పత్రాన్ని అప్పుదారునికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని నిర్దేశించింది. నియంత్రిత సంస్థల యాప్‌ల జాబితా 2025 నుండి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో లభిస్తోంది.

ఇవి మేలైన చర్యలు. అయినా మూడు లోట్లు మిగిలి ఉన్నాయి.

అ) ధరకు సంఖ్యాపరమైన గరిష్ఠ పరిమితి లేదు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. కనుక ఈ బాధ్యత ప్రధానంగా కేంద్రానిది, రిజర్వు బ్యాంకుది.

ఆ) తెలుగు లిపిలో ఇచ్చినంత మాత్రాన తెలుగువారికి అర్థమయ్యే భాషలో ఇచ్చినట్టు కాదు. 'వార్షిక శాతం రేటు' అన్న అనువాదం నియమాన్ని నెరవేర్చవచ్చు, అవగాహన కలిగించదు. 'మీ చేతికి వచ్చేది ఇంత. మీరు కట్టవలసింది ఇంత. నెలకు నూటికి ఇన్ని రూపాయల వడ్డీ' అన్న మూడు వాక్యాలు పత్రంలో మొదట ఉండాలి.

ఇ) ప్రత్యామ్నాయం అందరికీ లేదు. స్వయంసహాయక సంఘాల మహిళలకు స్త్రీనిధి వంటి సంస్థలు ఉన్నాయి. నగరాలలో వస్తువులు చేరవేసే యువకునికి, కాంట్రాక్టు ఉద్యోగికి అటువంటి ఆసరా అరుదు. చేసిన పనికి రావలసిన వేతనంలో కొంత ముందే తీసుకొనే హక్కు, సహకార సంఘాల చిన్న రుణాలు ఈ ఖాళీని కొంతవరకు పూరించగలవు.

7. ముగింపు

నిషేధం, నియంత్రణ పరస్పర విరుద్ధాలు కావు. వేరువేరు లక్ష్యాలపై ప్రయోగించవలసిన సాధనాలు. అనుమతి లేని వ్యాపారానికి, పరువును తాకట్టు పెట్టించుకొనే వసూలు పద్ధతికి నిషేధమే తగినది. అనుమతి పొందిన అప్పుకు ధర పరిమితి, ద్విగుణ నియమం, స్పష్టమైన తెలుగు పత్రం అవసరం. అవసరాన్ని నిషేధించే చట్టం లేదు. ఆ అవసరం ఎవరి గుమ్మం ముందు నిలబడాలో నిర్ణయించే శక్తి మాత్రం చట్టానికి ఉంది. 184 రూపాయల వడ్డీని 184 రూపాయల వడ్డీగానే చూపమని శాసించడం ఆ దిశలో తొలి అడుగు.